మానవ హక్కుల సంస్థలో వాలంటీర్‌గా చేరాలంటే ఏం చేయాలి? ఐడీ కార్డుకి 5,000 అడుగుతున్నారు

ఒంగోలు_కుర్రోడు

నమస్తే అందరికీ. మాది ఒంగోలు పక్కన పల్లెటూరు, నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నా, మియాపూర్‌లో పీజీ, టెస్టింగ్ జాబ్, శని ఆదివారాలు సెలవు.

విషయం ఏంటంటే పోయిన నెల మా పీజీ వాచ్‌మన్ కొడుకుని సెల్‌ఫోన్ దొంగతనం అని పోలీసులు తీసుకెళ్లారు, 19 ఏళ్లు ఉంటాయేమో వాడికి. రెండు రాత్రులు స్టేషన్‌లోనే ఉంచారు, కేసు లేదు కాగితం లేదు. మూడో రోజు కుంటుకుంటూ వచ్చాడు. ఫోనేమో పోగొట్టుకున్నాయన బావమరిది కార్లో సీటు కింద దొరికిందంట. ఆ రెండు రోజులూ వాళ్ల నాన్న "సార్ మీరు చదువుకున్నోళ్లు, ఒక్కసారి వచ్చి మాట్లాడండి" అని బతిమాలితే వెళ్లాను గానీ స్టేషన్ గేటు దాటి లోపలికి పోలేకపోయా. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి ఆయనకో బిస్కెట్ ప్యాకెట్ కొనిచ్చి వచ్చేశా. నేను చేసింది అంతే. సిగ్గుగా ఉంది చెప్పుకోవాలంటే.

అప్పట్నుంచి ఏదైనా మానవ హక్కుల సంస్థలో చేరాలని వెతుకుతుంటే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది, "మానవ హక్కుల సంస్థకు మండల, జిల్లా కన్వీనర్లు కావలెను" అని. ఫోన్ చేస్తే వాలంటీర్ ఐడీ కార్డుకి 5,000, జిల్లా ప్రెసిడెంట్ అయితే 25,000, అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇస్తారు, కారుకి స్టిక్కర్ ఇస్తారు, "స్టేషన్‌లో కుర్చీ వేస్తారు బాబూ మీకు" అన్నాడు ఆయన. నాకు కారే లేదు.

ఇది నిజమేనా? అసలు నిజమైన సంస్థలు మనుషుల్ని ఎలా తీసుకుంటాయి, ఇంటర్వ్యూ ఉంటుందా, లా చదివుండాలా, ట్రైనింగ్ ఎన్ని రోజులు, జాబ్ చేసుకుంటూ చేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

---

ముంతాజ్_హోటల్_ఉస్మానియా

తమ్ముడూ ఆ నంబర్ బ్లాక్ చెయ్ ముందు.

మా చిన్నత్త కొడుకు ఇట్లాంటి దాంట్లోనే 10,000 కట్టి "స్టేట్ జాయింట్ సెక్రటరీ" అయ్యాడు. కార్డు మీద మూడు సింహాలు, బండి మీద ఎర్ర అక్షరాలు. ట్రైనింగ్ అంటే ఒక ఫంక్షన్ హాల్లో శాలువాలు కప్పి ఫొటోలు తీసి బిర్యానీ పెట్టారు, అంతే. ఆ తర్వాత ఓ రోజు హెల్మెట్ లేక ఆపితే మావోడు స్టైల్‌గా కార్డు తీసి చూపించాడు, ఎస్సై అది అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిది సార్, మీ హక్కు మీకుంది, చలానా కట్టే హక్కు" అని రాసి చేతిలో పెట్టాడు. ఇప్పుడు ఆ కార్డు వాళ్లింట్లో కరెంటు బిల్లుల సంచిలో ఉంది.

జాతీయ మానవ హక్కుల కమిషన్ పేరుకి దగ్గరగా పేర్లు పెట్టుకుని తిరిగే సంస్థలతో జాగ్రత్త అని ఆ కమిషనే హెచ్చరించింది. మూడు సింహాల గుర్తు ప్రైవేటువాళ్లు వాడకూడదని 2005లో చట్టమే ఉంది. డబ్బు తీసుకుని పోస్టు ఇచ్చేది ఏదైనా సరే దండం పెట్టి పక్కకి తప్పుకో.

---

చాక్‌పీస్_పొడి

బాబూ, నేను రిటైర్డ్ లెక్చరర్‌ని, ఉత్తరాంధ్రలో ఉంటాను, పౌరహక్కుల పనిలో పాతికేళ్లు పైనే తిరిగాను. ఏ సంస్థ అన్నది ఇక్కడ రాయను, అవసరం లేదు కూడా.

నీ ప్రశ్నలో "ఎలా తీసుకుంటారు" అన్నావు చూడు, మా దగ్గర ఆ మాటే లేదు. నోటిఫికేషన్ ఇవ్వం, ఇంటర్వ్యూ చెయ్యం. ఎవరో ఒకరు మీటింగుకి వస్తారు, వెనక వరసలో కూర్చుంటారు, రెండోసారి కూడా వస్తారు, మూడోసారి వచ్చినప్పుడు కుర్చీలు సర్దడానికి సాయం పడతారు, అప్పుడు అడుగుతాం, "వచ్చే ఆదివారం ఫలానా ఊరు వెళ్తున్నాం, వస్తారా" అని. అదీ మా రిక్రూట్‌మెంట్. మన రాష్ట్రాల్లో ఈ సంఘాలు చాలావరకు ఇలాగే పెరిగాయి. 1970ల్లో పౌరహక్కుల సంఘం మొదలైనప్పుడు అధ్యక్షుడు శ్రీశ్రీ. తర్వాత దాన్ని ఏళ్ల తరబడి మోసిన బాలగోపాల్ గారు కాకతీయ యూనివర్సిటీలో లెక్కల మాస్టారు, ఆయన లాయరయ్యింది చాలా తర్వాత. వరంగల్‌లో సంఘానికి పెద్దదిక్కుగా ఉన్న రామనాథం గారు పిల్లల డాక్టరు, ఆయన్ని 1985 సెప్టెంబర్‌లో పోలీసులు ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. నిన్ను భయపెట్టడానికి చెప్పట్లేదు, ఇప్పుడు అంత లేదు, కానీ ఇది కుర్చీ వేయించుకునే పని కాదని చెబుతున్నా. లా డిగ్రీ అక్కర్లేదని కూడా అందులోనే ఉంది.

ఇక ట్రైనింగ్. మా భాషలో నిజనిర్ధారణ అంటాం. ఒక ఘటన జరిగిందంటే నలుగురైదుగురం కలిసి వెళ్తాం, బాధితుల్ని కలుస్తాం, అవతలివాళ్లనీ కలుస్తాం, పోలీసుల్ని, ఎమ్మార్వోని, ఆస్పత్రి డాక్టర్ని, అందరినీ కలిసి వచ్చి రిపోర్టు రాస్తాం. కొత్తవాడికి మొదటి మూడు నాలుగు ట్రిప్పుల్లో మాట్లాడే పని ఉండదు. నోట్‌బుక్ పట్టుకుని రాయడమే. ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకి, ఆయన కళ్లారా చూసిందా ఎవరో చెప్తే విన్నదా, ఈ మూడూ ప్రతి వాక్యం పక్కన ఉండాలి.

నా మొదటి రిపోర్టు కథ చెప్తాను. ఏజెన్సీలో ఒక గిరిజన రైతుని కొట్టిన కేసు. నేను అప్పటికే కథలూ కవితలూ రాసేవాణ్ణి కదా, ఆవేశంగా "పోలీసులు అతణ్ణి అమానుషంగా చితకబాదారు" అని రాసుకొచ్చాను. మా సీనియర్ ఒకాయన చదివి "అమానుషంగా" అన్న మాట మీద గీత కొట్టేశారు. "చితకబాదారు" మీద కూడా కొట్టేశారు. "దేంతో కొట్టారు?" అన్నారు. లాఠీతో అనుకుంటా అన్నాను. "అనుకుంటావా? ఏ కాలి మీద? ఎంతమంది? నిలబెట్టా పడుకోబెట్టా? దెబ్బ నువ్వు చూశావా, ఏ రంగులో ఉంది?" నాకు ఒక్కదానికీ జవాబు తెలీదు. మళ్లీ బస్సెక్కి, అక్కణ్ణుంచి ఏడు కిలోమీటర్లు నడిచి వెళ్లి అడిగి వచ్చాను. బాధితుడు లుంగీ పైకెత్తి ఎడమ పిక్క చూపించాడు, వెడల్పు నా రెండు వేళ్లంత, ఊదా రంగు తిరిగి అంచుల్లో పసుపు. అదే రాశాను. "ఇప్పుడు ఇది అమానుషం" అన్నారాయన. నాకు జరిగిన ట్రైనింగ్ అదే, సర్టిఫికెట్ గట్రా ఏం ఇవ్వలేదు.

ఇంకోటి, ఊళ్లోకి వెళ్లాక ఎక్కడ కూర్చుంటావన్నది. దళితవాడ మీద దాడి జరిగిందనుకో, నువ్వు బస్సు దిగి ముందు పెద్దవీధిలో ఎవరో మర్యాదస్తుడి అరుగు మీద కూర్చుని కాఫీ తాగావంటే అయిపోయింది, నువ్వు వాడకి చేరేలోపు ఆ కాఫీ సంగతి అక్కడికి చేరిపోతుంది. ఆ తర్వాత ఎవరూ నీకు నిజం చెప్పరు, నీళ్లు మాత్రం ఇస్తారు. కాబట్టి ముందు వాడకి వెళ్లాలి, వాళ్లిచ్చిన గ్లాసులో వాళ్లిచ్చిన నీళ్లు తాగాలి, తర్వాత తీరిగ్గా అవతలి పక్షం దగ్గరికి వెళ్లాలి. వెళ్లడం మాత్రం మానకూడదు. దళితుల్ని ఊచకోత కోసిన కారంచేడు 1985, చుండూరు 1991, అప్పట్నుంచీ ఈ రాష్ట్రంలో హక్కుల పని చేసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు, కానీ నగరం నుంచి వచ్చే పిల్లలకి ప్రతిసారీ చెప్పాల్సి వస్తోంది.

ఎందుకింత చాదస్తం అంటావేమో. వాకపల్లి కేసు చదువు. 2007 ఆగస్టులో 11 మంది ఆదివాసీ ఆడవాళ్లు గ్రేహౌండ్స్ అనే నక్సల్ వ్యతిరేక పోలీసు దళం వాళ్ల మీద అత్యాచారం ఆరోపణ చేశారు, తీర్పు వచ్చింది 2023 ఏప్రిల్‌లో. నిందితుల్ని వదిలేశారు, కానీ దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని కోర్టే చెప్పి ఆ ఆడవాళ్లకి పరిహారం ఇవ్వమంది. అంటే పదహారేళ్ల తర్వాత తేలింది ఏంటి, మొదటి రోజుల్లో రాయాల్సింది రాయలేదు, చెయ్యాల్సిన పరీక్షలు సరిగా చెయ్యలేదు అని. మనం పోలీసులం కాదు, దర్యాప్తు మన చేతిలో లేదు, మన చేతిలో ఉన్నది నోట్‌బుక్ ఒక్కటే, అదన్నా శుభ్రంగా ఉండాలి కదా.

---

కోర్టు_క్యాంటీన్_టీ

మాస్టారు చెప్పినదానికి లాయర్‌గా నేను కొంచెం కలుపుతాను. ఒకటి రెండు చోట్ల ఒప్పుకోను కూడా. "ట్రైనింగ్ అంటూ ఏం లేదు, వెంట తిరిగితే వచ్చేస్తుంది" అనే పద్ధతిలో మంచి మనుషులు తయారయ్యారు, నిజమే, కానీ ఆ పద్ధతిలో ఆడపిల్లలు తక్కువ వచ్చారు, రాత్రి బస్సులెక్కి ఏజెన్సీకి తిరగడం అందరికీ కుదరదు కదా. మా బార్ అసోసియేషన్‌లో ఇద్దరు లాయరమ్మాయిలు మూడేళ్లు మీటింగులకి వచ్చి వచ్చి మానేశారు, వాళ్లని ఎవరూ "వస్తారా" అని అడగలేదు అంతే.

సరే, ఒంగోలు తమ్ముడూ, నీ వాచ్‌మన్ కొడుకు విషయం. ఎవరిదగ్గర చేరినా నీకు మొదటి క్లాసులో చెప్పేది ఇదే. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, ప్రయాణం టైమ్ పక్కన పెట్టి. డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది, అరెస్టు మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి, డాక్టర్ పరీక్ష చేయించాలి. 2024 జూలై 1 నుంచి అరెస్టులు, దర్యాప్తుల పాత చట్టం సీఆర్పీసీ పోయి కొత్తది బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి, హక్కులు మారలేదు. పాత నంబర్లు బట్టీ పట్టిన వాలంటీర్లని స్టేషన్‌లో కుర్ర ఎస్సైలు ఆడుకుంటున్నారు ఈ మధ్య, అందుకే అందరికీ మళ్లీ క్లాసులు పెట్టాల్సొచ్చింది.

ఆ రోజు నువ్వు గేటు దాటకపోయినా చేయగలిగింది ఒకటుంది. టీ కొట్టు దగ్గరే నిలబడి ఫోన్లో ఎన్ని గంటలకి తీసుకెళ్లారు, ఏ బండిలో, ఎవరు చూశారు అన్నది రాసుకుని, వాళ్ల నాన్నతో పోలీసు కమిషనర్‌కి ఒక మెయిల్ కొట్టించడం. మా సీనియర్ల కాలంలో టెలిగ్రామ్ కొట్టేవాళ్లు, తర్వాత పోలీసులు "నిన్ననే పట్టుకున్నాం" అంటే ఆ టెలిగ్రామ్ మీద తేదీ, టైమ్ ముద్ర ఉండేది, పట్టుకెళ్లినవాణ్ణి కోర్టు ముందు పెట్టమని వేసే హెబియస్ కార్పస్ పిటిషన్‌లో అదే ప్రాణం. 2013లో టెలిగ్రామ్ ఎత్తేశారు, ఇప్పుడా పని మెయిల్ చేస్తోంది. ఇంకా, ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆర్డర్ ఉంది, ఫుటేజ్ భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడగాలి, ఆలస్యమైతే ఆ కెమెరా "రిపేర్‌లో ఉండె" అంటారు. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి కంప్లయింట్ తెలుగులోనే రాయొచ్చు, పైసా ఫీజు లేదు, కానీ ఘటన జరిగిన ఏడాదిలోపు పంపాలి. పోయిన నెలదే అంటున్నావు కాబట్టి ఇప్పటికీ చేతిలో టైమ్ ఉంది. వాళ్ల నాన్నకి ఇష్టమైతేనే సుమా, నీకు ఆవేశమొచ్చిందని కాదు.

నీలాంటివాళ్లకి ఇంకో దారి కూడా ఉంది, ఎవరూ చెప్పరు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు పారా లీగల్ వాలంటీర్లని తీసుకుంటారు, 2009 నుంచి ఉంది ఆ స్కీము. నోటిఫికేషన్ వేస్తారు, పదో తరగతి చదివినా చాలు, ట్రైనింగ్ వాళ్లే ఇస్తారు, కార్డు కూడా ఇస్తారు, రూపాయి తీసుకోకుండా. పైగా పనికి వెళ్లిన రోజుకి గౌరవ వేతనం వాళ్లే ఇస్తారు. న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి అడుగు. ప్రభుత్వాన్ని నిలదీసే పని అక్కడ కుదరదు, అది వేరే సంగతి, కానీ స్టేషన్ గుమ్మం, జైలు గుమ్మం, కోర్టు గుమ్మం దాటే భయం పోతుంది.

---

ఒంగోలు_కుర్రోడు

చాలా థ్యాంక్స్ మాస్టారూ, లాయర్ గారూ. మెయిల్ సంగతి అస్సలు తెలీదు నాకు, రోజూ ఆఫీసులో 60 మెయిళ్లు కొడతా, ఆ రోజు ఒక్కటి కొట్టాలని తట్టలేదు.

ఒక డౌటు, డబ్బులెలా మరి? బస్సు ఛార్జీలు ఎవరు పెట్టుకుంటారు? జీతం కోసం కాదు, తెలుసుకుందామని.

---

చాక్‌పీస్_పొడి

ఎవరివి వాళ్లే పెట్టుకుంటాం. కొన్ని సంస్థలు, ఉదాహరణకి బాలగోపాల్ గారు వాళ్లు 1998లో పెట్టిన మానవ హక్కుల వేదిక, ఫండింగ్ ఏజెన్సీల దగ్గర ఏమీ తీసుకోవు, జీతగాళ్లు ఉండరు, సభ్యుల చందాలు, మామూలు జనం ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. మా టీమ్‌లో ఉద్యోగం ఉన్నవాళ్లు లేనివాళ్ల టికెట్టు కొంటారు, భోజనం ఎవరి క్యారేజీ వాళ్లది. నెలకోసారి చింతకాయ పచ్చడి తెచ్చే మెంబర్ ఒకాయన ఉన్నాడు, ఆయన రాని నెల నిజనిర్ధారణ చప్పగా ఉంటుంది.

---

పాలమూరు_పిల్ల

అందరు పోలీస్ కేసుల గురించే చెప్తున్రు, హక్కులంటే గంతేనా? నేను గద్వాల దిక్కు బాలకార్మికుల మీద పనిచేసే ఒక చిన్న సంస్థల నాలుగేండ్లు వాలంటీర్‌గ చేసిన, అది చెప్త.

మా దగ్గర పత్తి విత్తనాల క్రాసింగ్ పని ఉంటది. సాయంత్రం మొగ్గలు గిల్లుడు, పొద్దుగాల పువ్వు తెచ్చి రుద్దుడు, చిన్న చేతులైతే మొగ్గ చెడదు అని ఆడపిల్లలనే పెడతరు, సీజన్‌కు ముందే తల్లిదండ్రులకు అడ్వాన్స్ ఇచ్చి కట్టేస్తరు. గా పిల్లలను బడికి తెచ్చుడు మా పని. మా సంస్థ ఎంవీ ఫౌండేషన్ పద్ధతిల నడిచేది. శాంతా సిన్హా మేడం వాళ్లు 1991ల రంగారెడ్డి జిల్లాల మొదలుపెట్టిన్రు గదా, బడిల లేని ప్రతి పిల్ల బాలకార్మికురాలే అని, మధ్యల వేరే పేరు లేదు అని. 2003ల ఆమెకు మెగసెసే వచ్చింది, తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి చైర్‌పర్సన్ అయింది.

మమ్ముల ఎట్ల తీసుకున్నరంటే, ఊర్లె పది దాకనో ఇంటర్ దాకనో చదివి ఖాళీగున్న పోరగాండ్లను. ఎక్కువమంది ఇంట్ల మొదటిసారి చదివినోళ్లే. నాకు ట్రైనింగ్ ఇచ్చిన అన్న చిన్నప్పుడు ఆసామి దగ్గర జీతం ఉన్నోడు, గొర్లు కాసిండు, బడి మానేసిన పిల్లలకు పెట్టే క్యాంపుల చదువుకొని పది పాసయిండు. గాయన ఇంటింటికి పోతే మేం పక్కన నిలబడి వినుడు. ఒక తల్లి అడిగింది, "నా బిడ్డ రోజుకు ఇంత తెస్తది, నువ్విస్తవా?" అని. నేనైతే చట్టం చెప్తుంటి, జైలు చెప్తుంటి. గాయన ఏం చెప్పలె. అరుగు మీద కూసొని "అమ్మా ఏమన్న ఉంటె పెట్టు, ఆకలైతుంది" అన్నడు. జొన్నరొట్టె తినుకుంట "నేను గొర్లు కాసిన, మా అమ్మ గూడ గిట్లనే అన్నది" అని గంటసేపు ముచ్చట చెప్పిండు, బడి పేరే ఎత్తలె. గా ఇంటికి పదకొండుసార్లు తిరిగినం. పన్నెండోసారి తల్లే అడిగింది, "బడిల ఇంక తీసుకుంటరా దీన్ని?" అని.

మొదటి వారమైతే మాతోటి ఎవ్వరితోని ఏం మాట్లాడనీయలె. ఒక చేతిల బడి రిజిస్టర్ నకలు, ఒక చేతిల మేం రాసుకున్న ఇంటింటి లెక్క. రిజిస్టర్ల ఉన్న పిల్ల చేన్ల ఉంటది, చేన్ల ఉన్న పిల్లకు రిజిస్టర్ల రోజూ హాజరు పడుతది. గా రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి సర్పంచ్ ముంగట కూసుంటె ఇంక లెక్చర్ అక్కర్లేదు.

నా తప్పు గూడ చెప్త, కొత్తోళ్లకు పనికొస్తది. రెండో నెలల ఒక పిల్ల చేన్ల పనిచేస్తుంటె ఫొటో తీసి ఫేస్‌బుక్‌ల పెట్టిన, మొఖం కనపడుతనే ఉంది. లైకులు మస్తు వచ్చినయ్. మూడో రోజుకు చేను ఆసామి గా పిల్ల తండ్రికి రావల్సిన పైసలు ఆపిండు, తండ్రి పిల్లను కొట్టిండు. మా సంస్థల పెద్దక్క నన్ను తిట్టలె, గా ఇంటికి తోలుకపోయి గా పిల్ల ముంగట కూసోబెట్టింది, నువ్వే చెప్పు అన్నది. ఏం చెప్పాల్నో తెల్వలె నాకు. గిప్పటికి పిల్లల ఫొటో అంటె నాకు చెయ్యి వణుకుతది. పిల్లల మీద ఏదన్న కనపడితె పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యున్రి, ఫొటో వద్దు.

---

కోర్టు_క్యాంటీన్_టీ

పాలమూరు చెల్లె చెప్పింది బంగారం. లైంగిక దాడి కేసుల్లో అయితే పిల్లల పేరు, ఫొటో, బడి పేరు, ఏదైనా సరే గుర్తుపట్టేలా బయటపెడితే పోక్సో కింద మన మీదే కేసు. పెద్దవాళ్ల కేసుల్లోనూ అంతే. మా క్యాంపుల్లో కొత్త వాలంటీర్లకి ఒక ఆట పెడతాం, పేరు రాయకుండా ఒక ఘటన రాసివ్వమని, తర్వాత మిగతావాళ్లు అది చదివి ఏ ఊరో ఏ ఇల్లో కనిపెట్టాలి. పదిమందిలో ఏడుగురిది పట్టేస్తారు. "గుడి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు ఆయన రెండో కూతురు" అని రాసి, పేరు రాయలేదు కదా సార్ అంటారు.

---

అన్నీ_చూశాంలే

అడగొచ్చో లేదో. ఈ సంఘాలన్నీ నక్సలైట్ల తరఫునే మాట్లాడతాయి, పోలీసులు చస్తే ఒక్కడూ రాడు. కుర్రాడు ఉద్యోగం ఊడగొట్టుకుంటాడు జాగ్రత్త.

---

చాక్‌పీస్_పొడి

అడగొచ్చు, ఈ ప్రశ్న మాలో మేమే ఏళ్ల తరబడి వేసుకున్నాం, గొంతులు చించుకున్నాం, విడిపోయాం కూడా. ఉద్యమాలు చేసే హింస గురించి హక్కుల సంఘం మాట్లాడాలా వద్దా అన్న గొడవే కదా 1998లో బాలగోపాల్ గారు పాత సంఘం నుంచి బయటికొచ్చి వేరే వేదిక పెట్టడానికి పెద్ద కారణం. పోలీసు ఇన్ఫార్మర్ అని నక్సలైట్లు ఊరివాణ్ణి చంపినా రాయాలన్నది ఆయన వాదన. పాత సంఘంలో ఉన్నవాళ్ల వాదనా తీసిపారేసేది కాదు, రాజ్యం చేసే హింసా మనుషులు చేసే నేరం ఒకటి కాదు, ఖాకీ వేసుకున్నవాడు చట్టం తప్పితే అడిగేదెవరు అని. కొత్తవాళ్లకి మేం రెండు వైపుల రాతలూ ఇచ్చి చదవమంటాం. చదివి మాతో గొడవపడేవాళ్లే నిలబడతారు, తల ఊపేవాళ్లు ఆర్నెల్లలో కనపడరు.

ఉద్యోగం మాట నిజమే, గవర్నమెంట్ ఉద్యోగి అయితే కాస్త చూసుకోవాలి. నేను సర్వీసులో ఉండగా రెండు మెమోలు తిన్నాను, జవాబులు రాశాను, ఉద్యోగం మాత్రం ఎక్కడికీ పోలేదు.

---

ఫ్రీమాంట్_అక్క

ఆలస్యంగా చూశాను ఈ థ్రెడ్. మాది గుంటూరు, కాలిఫోర్నియాలో పదిహేడేళ్లు. ఇక్కడ మన దేశాల ఆడవాళ్ల కోసం పనిచేసే ఒక గృహహింస హెల్ప్‌లైన్‌లో వాలంటీర్‌ని, పేరు రాయను. ఇక్కడి పద్ధతి మాస్టారు చెప్పినదానికి పూర్తిగా ఎదురు, ఫారం, ఇంటర్వ్యూ, రెండు రిఫరెన్సులు, వేలిముద్రలు, ఏడాది చేస్తానని మాట. పైగా 40 గంటల క్లాసులు తప్పనిసరి, కాలిఫోర్నియా చట్టంలోనే ఉంది, ఆ 40 గంటలు అయితేనే మనం కౌన్సిలర్ కింద లెక్క, బాధితురాలు మనకి చెప్పింది కోర్టులో బయటపెట్టక్కర్లేని రక్షణ దానితోనే వస్తుంది.

నేనేమో మన తెలుగు అమ్మాయిల కష్టం నాకు తెలీదా అనుకుని చాలా ధీమాగా వెళ్లాను. రోల్ ప్లే పెట్టారు, ట్రైనర్ మొగుడి వీసా మీద ఆధారపడే హెచ్4 వీసాతో వచ్చిన అమ్మాయిలా మాట్లాడింది, మొగుడు పాస్‌పోర్టు దాచేశాడు, బ్యాంక్ కార్డు లేదు, కొడుతున్నాడు. నేను నోరు తెరిచిన మొదటి మాట "మీ అమ్మా నాన్నకి చెప్పావామ్మా?" ట్రైనర్ బల్ల మీద గంట కొట్టింది. అమ్మానాన్నలే సర్దుకుపొమ్మని అన్నారేమో, అని అడిగింది. రెండోసారి "పిల్లలున్నారా?" అన్నాను. గంట. మూడోసారి "మరి ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావు?" గంట. ఆ రోజు పదమూడుసార్లు మోగింది నాకు. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ పదమూడు మాటలూ నాకు మా పెద్దమ్మలు, అత్తలు ప్రేమగా మాట్లాడేటప్పుడు వాడినవే.

వాళ్లు నేర్పిన మొదటి వాక్యం "ఇప్పుడు నువ్వు మాట్లాడటానికి క్షేమంగా ఉన్నావా?" రెండోది ఏంటంటే ఏమీ లేదు, ఊరుకోవడం. ఫోన్ అవతల ఏడుస్తుంటే ఊరుకోవడం ఎంత కష్టమో చేసి చూస్తేనే తెలుస్తుంది, నేను చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేదాన్ని. తర్వాత రెండు నెలలు సీనియర్ల కాల్స్ పక్కన కూర్చుని వినడం, అప్పుడు గానీ నా చేతికి ఫోన్ ఇవ్వలేదు. నెలకోసారి మాకే కౌన్సెలింగ్ ఉంటుంది, విన్నది మనసులో పేరుకుపోకుండా. మాస్టారూ, మీ దగ్గర ఇది ఉందా? ఇన్నేళ్లు అవన్నీ విని రాశారు, మీరెవరికి చెప్పుకునేవారు?

---

చాక్‌పీస్_పొడి

లేదమ్మా, అలాంటిది లేదు. తిరుగు బస్సులో పాటలు పాడుకునేవాళ్లం. ఇద్దరు ముగ్గురు తాగుడు మరిగారు. ఒకాయన ఇరవయ్యేళ్లు రిపోర్టులు రాసి ఒక రోజు నోట్‌బుక్కులన్నీ నాకు తెచ్చిచ్చి ఇక రానన్నాడు, కారణం చెప్పలేదు, మేమూ అడగలేదు. మీరు అడిగాక ఇప్పుడు అనిపిస్తోంది, అడగాల్సింది.

---

ఒంగోలు_కుర్రోడు

అప్‌డేట్ ఇస్తున్నా, మూడు వారాలైంది.

ముందుగా ఆ వాట్సాప్ ప్రెసిడెంట్ గారు ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు, 5,000 నుంచి 2,500కి దిగాడు, దసరా ఆఫర్ అంట. కార్డుతో పాటు జెండా కూడా ఇస్తాడంట.

బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఒక మీటింగ్ ఉందంటే వెళ్లాను. వెనక వరసలోనే కూర్చున్నా మాస్టారూ. రెండోసారి వెళ్తే ఒకావిడ "టైపింగ్ వచ్చా బాబూ తెలుగులో?" అని అడిగి చేతిరాత నోట్సు 40 పేజీలు చేతిలో పెట్టారు. వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని కొట్టాను. ఒక చోట "సుమారు 8 గంటలకు" అని ఉంటే నేను "8 గంటలకు" అని కొట్టానంట, పట్టేశారు. సుమారు ఎటు పోయింది బాబూ అన్నారు. ఆఫీసులో బగ్గులు పట్టడమే నా పని, నాలోనే ఒకటి దొరికింది.

వాచ్‌మన్ గారితో కూడా మాట్లాడా. కంప్లయింట్ వద్దన్నారు, "ఇదే ఏరియాలో బతకాలి సార్" అన్నారు. సరే అన్నాను, ఇంకేం అనలేదు, ఫ్రీమాంట్ అక్క గంట గుర్తొచ్చింది. కానీ ఆ కుర్రాడు మాత్రం పక్కకి పిలిచి తేదీలూ టైములూ నా ఫోన్లో రాసి పెట్టుకోమన్నాడు, "ఏడాది ఉందన్నారు కదా" అని.

ఈ ఆదివారం పొద్దున్నే 5:40కి సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్ దగ్గరికి రమ్మన్నారు, సిద్దిపేట వైపు ఒక ఊరికి వెళ్తున్నారంట. మాట్లాడకూడదు, రాయడమే అన్నారు. నోట్‌బుక్ కొన్నా. జెల్ పెన్ తీసుకెళ్లనా, బాల్ పెన్నా?

---

చాక్‌పీస్_పొడి

బాల్ పెన్, రెండు. వాన పడితే జెల్ కారిపోతుంది. చెప్పులు కొత్తవి వేసుకోకు.

---

పాలమూరు_పిల్ల

జొన్నరొట్టె పెడితె తిను, ఆకలి లేదనకు.